గోదావరి డెల్టాలో వైన్ చదువు: తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమండ్రిలో కాలేజీ పిల్లలకు ముప్పై ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పి, పదవీ విరమణ చేశాక ఈ చదువు మొదలుపెట్టాను. నెలకోసారి ఎనిమిదిమందిమి ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుంటాం: ఇద్దరు కొబ్బరి రైతులు, ఒక దంతవైద్యురాలు, కడియంలో నర్సరీ నడిపే దంపతులు, ఒక బ్యాంకు ఉద్యోగి, హోటల్ మేనేజ్‌మెంట్ పూర్తిచేసిన ఒక కుర్రవాడు, నేను. కొత్తగా వచ్చేవారు అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక తగ్గి, ఇలా రాసిపెడుతున్నాను.

‘వైన్స్’ అని బోర్డు పెట్టిన దుకాణంలో వైన్ ఎందుకు దొరకదు?

మన ఊళ్ళలో ఆ మాటకు అర్థం మద్యం దుకాణం అని మాత్రమే. లోపల ఉండేవి బ్రాందీ, విస్కీ, బీరు. ఎప్పుడైనా ఒక మూల దుమ్ము పట్టిన తీపి వైన్ సీసా కనిపిస్తుంది, ఎండ తగిలే అరలో ఎన్ని నెలలుగా నిలబడి ఉందో అమ్మేవారికీ గుర్తుండదు. దాన్ని కొని ‘వైన్ అంటే ఇంతేనా’ అని తేల్చేయకండి. మా ఎనిమిదిమందిలో అయిదుగురి మొదటి అనుభవం అలాంటి సీసాతోనే. పెద్ద ఊళ్ళలో కాస్త మంచి దుకాణాన్ని వెతికి, ‘ఏముంది’ అని అడగకుండా ‘ఫలానా ద్రాక్షది, ఫలానా ఏటి కోతది ఉందా’ అని పేరు పెట్టి అడగండి. రెండు మూడుసార్లు అడిగితే తెప్పించే దుకాణదారులూ ఉన్నారు.

వైన్ నేర్చుకోవడం అంటే తాగడం నేర్చుకోవడమేనా?

సంగీతం వినడం నేర్చుకున్నవారిని గమనించండి. రోజంతా రేడియో మోగుతూ ఉన్నంత మాత్రాన ఎవరికీ రాగాలు గుర్తుపట్టడం రాదు. ఇదీ అంతే. మా సమావేశంలో ఒక్కొక్కరి గ్లాసులో పడేది 50 మిల్లీలీటర్లు, అందులోనూ చాలా భాగం మింగకుండా చెంబులోకే ఉమ్మేస్తాం. పని చేసేది ముక్కు, ఆ తర్వాత పుస్తకం, చివరగా నాలుక.

ఎక్కడ మొదలుపెట్టాలి? కోర్సులో చేరాలా?

చేరకపోయినా నేర్చుకోవచ్చు, చేరితే క్రమం వస్తుంది. లండన్‌లో 1969లో ఏర్పడిన వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్ నాలుగు అంచెలుగా చదువు చెబుతుంది. మొదటి అంచె పరీక్షలో 30 బహుళైచ్ఛిక ప్రశ్నలు, రెండోదానిలో 50. మూడో అంచెకు వచ్చేసరికి వివరంగా రాయాలి, పేరు చెప్పకుండా ఇచ్చిన రెండు వైన్లను రుచి చూసి వర్ణించాలి. నాలుగోది డిప్లొమా, దానికి ఏళ్ళు పడుతుంది. మన దేశంలో ముంబయి, ఢిల్లీ, బెంగళూరు లాంటి నగరాల్లో ఈ తరగతులు జరుగుతాయి, పాఠాలు ఆన్‌లైన్‌లోనూ ఉన్నాయి. వీటన్నిటికీ పైన ఉన్న పట్టా మాస్టర్ ఆఫ్ వైన్. దాని మొదటి పరీక్ష 1953లో లండన్‌లో జరిగింది. మన దేశంలో ఉంటూ ఆ పట్టా సాధించిన తొలి వ్యక్తి సోనల్ హాలండ్, 2016లో.

నా సలహా అడిగితే, రెండో అంచెకు ముందు ఆరు నెలలు సొంతంగా అభ్యాసం చేయండి. నెలకు ఒకే ద్రాక్షను పట్టుకోండి: షెనిన్ బ్లాంక్, సోవిన్యోన్ బ్లాంక్, వియోనియే, షిరాజ్, కాబెర్నె సోవిన్యోన్, టెంప్రనీయో. ఆరూ నాసిక్ వైపు పండేవే కనుక మరీ ఖరీదు కావు. ఆ నెలంతా ఆ ద్రాక్ష పుట్టిన ఊరు, వాతావరణం, నేల గురించే చదవండి. పటాన్ని చూసి కాకుండా జ్ఞాపకం నుంచి గీయండి. నేను ఫ్రాన్స్‌లోని బోర్దో వైన్ ప్రాంతపు గారొన్, డోర్డోన్ నదుల్ని తారుమారుగా గీసి మూడుసార్లు తప్పాను, ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

నా నాలుకకు అంత సూక్ష్మం లేదేమో?

తెలుగువారి నాలుకకు ఒక సదుపాయం ఉంది. ఎర్ర వైన్‌లోని టానిన్ గురించి ఆంగ్ల పుస్తకాలు పేజీలు పేజీలు వివరిస్తాయి: నోరు ఎండినట్టు ఉంటుంది, చిగుళ్ళు పట్టేసినట్టు ఉంటుంది అంటూ. మనకు దానికి ఒక్క మాట చాలు: వగరు. షడ్రుచుల్లో దానికి చోటు ఇచ్చి, ఏటా ఉగాది పచ్చడిలో మామిడి పిందెతో చిన్న పిల్లలకు కూడా తినిపిస్తాం. వగరులో తరతమాలూ మనకు తెలుసు. నేరేడు వగరు మెత్తన, వక్క వగరు మొరటు, జీడిమామిడి పండు వగరు గొంతు పట్టుకుంటుంది. మోరి చుట్టుపక్కల పెరిగినవారిని అడగండి. ఎర్ర వైన్ నోట్లో పోసుకుని ‘ఇది నేరేడు వైపా, వక్క వైపా’ అని మిమ్మల్ని మీరే అడిగితే చాలు, పాఠం సగం అయినట్టే.

పులుపుదీ అదే కథ. ద్రాక్షలో ప్రధానంగా ఉండే టార్టారిక్ ఆమ్లమే చింతపండులోనూ ఉంది. పచ్చి ఆపిల్‌లో ఉండేది మాలిక్ ఆమ్లం, పెరుగులో ఉండేది లాక్టిక్. చాలా ఎర్ర వైన్లలో, కొన్ని తెల్ల వైన్లలో బాక్టీరియా ఆ మాలిక్‌ను లాక్టిక్‌గా మారుస్తుంది. కోసుకునే పులుపు పోయి పెరుగు పులుపు వస్తుంది, దాని వెంటే వెన్న వాసన కూడా. తరగతిలో ఈ మార్పును బోర్డు మీద సమీకరణంగా రాసిన రోజుల్లో ఒక్కరూ తలెత్తి చూసేవారు కారు. ఇప్పుడు రెండు గ్లాసులు పక్కపక్కన పెడితే రైతులిద్దరూ అరనిమిషంలో తేల్చేస్తున్నారు.

పుస్తకాల్లో చెప్పే వాసనలు మనం ఎప్పుడూ చూడనివి. వాటిని ఎలా పట్టుకోవాలి?

అందరూ తడబడేది ఇక్కడే, అందుకే ఇది కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

సోవిన్యోన్ బ్లాంక్ గురించి ఏ పుస్తకం తెరిచినా ‘గూస్‌బెర్రీ’ అని ఉంటుంది. నిఘంటువు చూస్తే ఉసిరి. నేను రెండు నెలలు ఆ గ్లాసులో ఉసిరికాయ కోసం వెతికాను. లేదు, ఉండదు కూడా. వాళ్ళు చెప్పే కాయ ఐరోపా చలిలో ముళ్ళపొద మీద కాసేది, మన ఉసిరికి దానితో చుట్టరికమే లేదు. ఆ వైన్‌లో నాకు చివరికి దొరికింది జామకాయ, పంపరపనస తొక్క, నలిపిన పచ్చి క్యాప్సికం. క్యాప్సికం వాసన కల్పన కాదు, పైరజీన్లు అనే ఒకే రకం పదార్థాలు రెండింటిలోనూ ఉన్నాయి. ‘బ్లాక్ కరెంట్’ది ఇంకో చిక్కు. దాన్ని ఎండు నల్లద్రాక్ష అనుకునేవారు ఉన్నారు, కాదు. మనలో చాలామందికి ఆ పండు ఐస్‌క్రీమ్ రూపంలోనే తెలుసు. కాబెర్నెలో దాన్ని గుర్తుపట్టడానికి ఆ ఐస్‌క్రీమే నాకు సాయపడింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మన వంటింట్లో ఉన్న వాసనలు ఎన్నో వైన్‌లోనూ ఉన్నాయి, పేరుకు పోలిక కాదు, అణువు కూడా అదే. మిరియాలకు ఆ ఘాటైన వాసన ఇచ్చే పదార్థం రోటండోన్, కొన్ని షిరాజ్ వైన్లలో మిరియాల వాసన వచ్చేది దానివల్లే. మెంతులకు ఆ ప్రత్యేకమైన వాసన ఇచ్చే సొటొలాన్ స్పెయిన్ పాత షెర్రీ వైన్లలోనూ పోర్చుగల్ మదీరా వైన్లలోనూ ఉంటుంది. ధనియాల నూనెలో ఎక్కువగా ఉండే లినలూల్ మస్కట్ ద్రాక్షలోనూ ఉంది. లవంగంలోని యూజెనాల్ కాల్చిన ఓక్ పీపాల నుంచి వైన్‌లోకి దిగుతుంది. ఇక కోనసీమవారికి బహుమతి లాంటిది ఒకటి: అమెరికా ఓక్ పీపాల్లో నిలవ ఉంచిన వైన్‌కు కొబ్బరి వాసన వస్తుంది, ఓక్ లాక్టోన్ అనే పదార్థం దానికి మూలం. పాత పద్ధతి స్పెయిన్ రియోహా వైన్ ఒకటి ఎవరో తెస్తే, మా అంబాజీపేట రైతు గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే ‘కురిడీ’ అన్నాడు. ఎండు కొబ్బరి కాదు, పచ్చి కొబ్బరి కాదు, చిప్పలోనే ఎండిన గుండు కొబ్బరి, కురిడీ. పుస్తకాల్లో అంత కచ్చితమైన మాట నాకు ఎదురు కాలేదు.

అదే వైన్‌లో పొగాకు వాసన కూడా ఉంది. లంక పొగాకు ఆరబెట్టిన పాకలోకి ఒకసారి వెళ్ళి వచ్చినవారికి దాన్ని వేరే నేర్పనక్కరలేదు. కొబ్బరి తోటల్లో అంతరపంటగా వేసే కోకో గింజల్ని పులియబెట్టి ఎండబెట్టే చోట నిలబడి చూడండి. చాక్లెట్ అని పుస్తకాలు రాసే వాసనకు ముందు దశలు అక్కడ వరుసగా కనిపిస్తాయి, మొదట పులిసిన వాసన, తర్వాత వెనిగర్, చివరికి చాక్లెట్.

నోటుపుస్తకంలో రెండు నిలువు వరుసలు గీయండి. ఎడమ వైపు మీ ముక్కుకు తట్టిన మాట, కుడి వైపు పుస్తకం మాట. పరీక్ష రాసేవారికి కుడి వరుస తప్పదు, ఎందుకంటే మార్కులు దానికే. ఎడమ వరుస లేకపోతే మాత్రం కుడి వరుస చిలకపలుకు అవుతుంది.

ఇంట్లో చేసుకోదగ్గ అభ్యాసాలు ఏమైనా చెబుతారా?

మూడు చెబుతాను, మూడింటికీ వైన్ అక్కరలేదు. మొదటిది, పాలు లేని టీ. ఒకే పొడిని రెండు, అయిదు, పది నిమిషాలు మరిగించి మూడు గ్లాసుల్లో పోయండి. వగరు పెరగడం నాలుక మీద ఎక్కడెక్కడ తెలుస్తుందో రాసుకోండి. రెండోది, చింతపండు రసం పలుచగా, మధ్యస్థంగా, చిక్కగా. పులుపు ఎంత ఎక్కువైతే నోట్లో నీరు అంత ఊరుతుంది, మింగాక ఎంతసేపు ఊరుతుందో లెక్కపెట్టండి. వైన్‌లో ఆమ్లం కొలిచే మొదటి కొలబద్ద అదే. తర్వాత అదే చింతపండు రసంలో చెంచా బెల్లం కలపండి. పులుపు తగ్గినట్టు అనిపిస్తుంది, కాని నోరు ఊరడం ఆగదు. కాస్త తీపి మిగిల్చిన వైన్లు మనల్ని మోసం చేసేది ఈ దారిలోనే.

మూడోది కళ్ళు మూసుకుని వాసన చూడటం. చిన్న డబ్బాల్లో పది వస్తువులు పెట్టి ఇంట్లో ఎవరినైనా అందించమనండి. ధనియాలు, యాలకులు, దబ్బ తొక్క, సంపంగి, తేనె, తడి మట్టి, ఏదైనా సరే. మొదటి రోజు నాకు పదికి నాలుగు వచ్చాయి. కడియం దంపతులకు పూలన్నీ వచ్చి, యాలకులు తప్పాయి.

బృందంగా చేయాలంటే ఎంతమంది, ఎన్ని సీసాలు?

ఒక్క 750 మిల్లీలీటర్ల సీసా 50 చొప్పున పదిహేను గ్లాసులకు వస్తుంది. ఆరు నుంచి పదిమంది ఉంటే ఒక పూటకు మూడు నాలుగు సీసాలు చాలు, ఖర్చు పంచుకుంటే ఒక్కొక్కరికి సినిమా టికెట్టు, పాప్‌కార్న్ అంత అవుతుంది. ఒకే రకం గ్లాసులు వాడండి, అంచు లోపలికి మూసుకున్నవి. ఉదయం పదకొండు గంటలు మంచి సమయం. ముందు ఆవకాయ తినకూడదు, అగరువత్తి వెలిగించకూడదు, పక్కింట్లో చేపలు వేయిస్తుంటే వాయిదా వేసుకోవడం మేలు. సీలింగ్ ఫ్యాన్ గ్లాసు మీది వాసన ఎగరగొట్టేస్తుంది. వేసవిలో ఫ్యాన్ ఆపమంటే ఎవరూ ఒప్పుకోరు కనుక మేం మే నెలలో కూర్చోం.

ఉమ్మేయడం తప్పదా?

తప్పదు. కిళ్ళీ నమిలి వీధిలో ఉమ్మడానికి లేని సిగ్గు స్టీలు చెంబులో వైన్ ఉమ్మడానికి ఎందుకు? మూడో గ్లాసు మింగాక రాసిన వర్ణనలు మరునాడు చదివితే ఎవరివో అనిపిస్తాయి. బండి నడిపి ఇంటికి వెళ్ళాల్సినవారు మా దగ్గర అసలు మింగరు.

మన ఎండలకు సీసాలు నిలుస్తాయా?

అలమరాలో అయితే నిలవవు. వైన్ హాయిగా ఉండేది 12 నుంచి 14 డిగ్రీల దగ్గర. ఏప్రిల్‌లో మన ఇళ్ళలో గోడలే 35 డిగ్రీలు కక్కుతాయి. ప్రత్యేకమైన ఫ్రిజ్ లేనివారు మామూలు ఫ్రిజ్‌లో, తలుపు అరలో కాకుండా లోపల, బెండు బిరడా ఉన్నదైతే అడ్డంగా పడుకోబెట్టి ఉంచండి. కొన్ని నెలలకు నష్టమేమీ లేదు. మన తేమ బిరడాకు మంచిదే, సీసా మీది కాగితానికి బూజు పడుతుంది, అంతే.

ఇంకొకటి. ‘ఎర్ర వైన్‌ను గది ఉష్ణోగ్రతలో ఇవ్వాలి’ అన్న మాట పాత ఐరోపా రాతి ఇళ్ళ గురించి పుట్టింది, అక్కడ గది అంటే దాదాపు 18 డిగ్రీలు. భీమవరంలో ఆ మాట పాటిస్తే సారా (ఆల్కహాల్) ఘాటు తప్ప ఏమీ తెలియదు. గ్లాసుల్లో పోయడానికి ముందు ఎర్ర వైన్‌ను కూడా అరగంటో ముప్పావుగంటో ఫ్రిజ్‌లో పెట్టండి.

కల్లు రుచి తెలిసినవారికి ఇది సులువా?

కొంతవరకు. చెట్టు నుంచి దించిన వేళకు తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి పులిసి, మరునాటికి వెనిగర్ దారి పట్టడం చూసినవారికి పులియడం అంటే ఏమిటో పాఠం అక్కరలేదు. గాలిలోని ఈస్టు, చక్కెర, వేడి, అంతే. వైన్ చేసేవారి పనితనమంతా ఆ పరుగును ఎక్కడ, ఎలా ఆపాలో తెలియడంలో ఉంది. కల్లు ఆ పూటకే, వైన్‌కు కాలం కలిసొస్తుంది.

చెడిపోయిన వైన్‌ను ఎలా గుర్తించాలి?

లంక గ్రామాలవారు వరద తగ్గాక ఇల్లు తెరిచినప్పుడు తడిసిన పుస్తకాలు, అట్టపెట్టెలు ఒక వాసన వేస్తాయి. గ్లాసులో అది తగిలితే బిరడా నుంచి దిగిన దోషం, టీసీఏ అంటారు. ఆరోగ్యానికి హాని లేదు కాని పండు వాసన చచ్చిపోతుంది. వెనిగర్ లేదా గోళ్ళరంగు వాసన వస్తే వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం మితిమీరింది. తెల్ల వైన్ గోధుమరంగుకు తిరిగి, కోసి వదిలేసిన ఆపిల్ వాసన వేస్తే గాలి తగిలింది. ఎండలో ఉడికిన సీసా ఉడకబెట్టిన పండు జామ్‌లా ఉంటుంది, మన ప్రాంతంలో తరచుగా ఎదురయ్యేది ఇదే.

ఒకసారి ఒక దుకాణం నుంచి తెచ్చిన నాలుగు సీసాల్లో మూడు అలా ఉడికినవే. తిరిగి ఇస్తామంటే దుకాణదారు ‘వైన్ అంటే పాతదైతేనే మంచిది కదండీ’ అన్నాడు. మాకు మాట రాలేదు. ఆ మూడు సీసాల్నీ దోషాల పాఠానికి వాడుకున్నాం.

పేరు చూడకుండా రుచి చూడటం ఎందుకు? చూసి తాగితే తప్పేమిటి?

సీసా చూస్తే నాలుక సీసా చెప్పినట్టు వింటుంది. మాలో బ్యాంకు ఉద్యోగి ఖరీదైన ఫ్రెంచ్ వైన్ సీసాలో నాసిక్ వైన్ పోసి మాకు ఇచ్చాడు. నేను ఫ్రాన్స్ నేల గురించి నాలుగు వాక్యాలు రాశాను. ఆ కాగితం ఆయన ఇప్పటికీ దాచుకున్నాడు.

మూడు గ్లాసుల ఆట ఆడండి. రెండింటిలో ఒకే వైన్, మూడోదానిలో వేరేది. వేరుగా ఉన్నది ఏదో చెప్పడమే. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి కుదురుతుంది కనుక ఒక్కసారి గెలిచి మురిసిపోవద్దు, పదిసార్లు ఆడి లెక్క చూసుకోండి. అది వచ్చాక ద్రాక్ష పేరు చెప్పడానికి ప్రయత్నించండి. అప్పుడు కూడా పేరు తప్పినా తర్కం సరిగ్గా ఉంటే మేం మార్కులు వేస్తాం: పులుపు ఎక్కువ, సారా ఘాటు తక్కువ, పీపా వాసన లేదు, కనుక చల్లటి చోటిది, అన్నట్టు.

మా దంతవైద్యురాలి వర్ణన ఒకటి ఎత్తి రాస్తున్నాను: ‘లేత గడ్డి రంగు. పంపరపనస, దోరజామ, దూరంగా తేనె. పులుపు ఎక్కువే, కాని తీపి అంచు ఉంది. వగరు లేదు. మింగాక పది లెక్కపెట్టేదాకా నిలిచింది. నాసిక్ షెనిన్ అనుకుంటున్నాను.’ అదే అయింది. ఇంతకంటే పొడుగు అక్కరలేదు.

మన కారానికి, పులుసుకు వైన్ నప్పుతుందా?

కారం సారా మంటనూ వగరునూ రెండింతలు చేస్తుంది. అందుకే గుంటూరు కారం పడిన మాంసం ఇగురుతో గట్టి కాబెర్నె పెడితే ఇద్దరూ కొట్టుకుంటారు. కాస్త తీపి, తక్కువ సారా ఉన్న షెనిన్ బ్లాంక్ లేదా జర్మనీ రీస్లింగ్ చల్లగా పెట్టి చూడండి. పులుసు ముందు పులుపు లేని వైన్ నీళ్ళలా తేలిపోతుంది కనుక చింతపండుకు తగ్గ పులుపు ఉన్న సోవిన్యోన్ కావాలి. వేపుళ్ళకూ రొయ్యల పకోడీకీ బుడగల వైన్ అంత హాయి ఇంకొకటి లేదు. పూతరేకులతో తీపి మస్కట్ ప్రయత్నించాం, నెయ్యి వాసన దాన్ని ఓడించింది.

పులసకు ఏది నప్పుతుంది అని ఏటా జులైలో అడుగుతారు. అంత డబ్బు పెట్టి కొన్న చేపను దాని పులుసుతోనే తినండి.

యానాం ఫ్రెంచివారిది కదా, అక్కడ ఆ వాసన ఏమైనా మిగిలిందా?

1954 దాకా వాళ్ళ పాలనే. ఇప్పుడు మిగిలింది కొన్ని పేర్లు, పుదుచ్చేరి పన్నుల వల్ల చవకగా దొరికే మద్యం. ఎంపిక కోసం వెళ్ళి చూడవచ్చు కాని సీసాలు సంచిలో వేసుకుని ఎదుర్లంక వంతెన దాటకండి. అనుమతి లేకుండా పక్క ప్రాంతం మద్యాన్ని ఆంధ్రప్రదేశ్‌లోకి తేవడం నేరం.

మొదటి ప్రయాణం ఎక్కడికి చేయాలి?

నాసిక్‌కి. దగ్గర అని కాదు, చవక అని కూడా కాదు. మన కాలువల్లో పారే నీరు పుట్టింది అక్కడ. త్ర్యంబకేశ్వరం దగ్గర బ్రహ్మగిరి కొండలో మొదలైన గోదావరి 1,465 కిలోమీటర్లు నడిచి మన దగ్గర సముద్రంలో కలుస్తుంది. నాసిక్ పక్కనే గంగాపూర్ ఆనకట్ట, ఆ జలాశయం ఒడ్డున ద్రాక్షతోటలు. ధవళేశ్వరం నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి, ఆ ఒడ్డున గ్లాసు పట్టుకుని కూర్చున్నప్పుడు ఎదురుగా ఉన్నది మన నదే అని మొదట తట్టలేదు. తట్టాక గ్లాసు కింద పెట్టి కాసేపు నీళ్ళనే చూశాను.

రైలు కూడా కుదిరింది. నరసాపురంలో బయలుదేరే నాగర్‌సోల్ ఎక్స్‌ప్రెస్ ఆగేది నాసిక్ జిల్లాలో. షిర్డీ వెళ్ళే భక్తులతో నిండి ఉంటుంది. అక్కడి నుంచి నాసిక్‌కు రోడ్డు మీద రెండు మూడు గంటలు. మేం షిర్డీ, త్ర్యంబకం దర్శనాలు చేసుకునే వెళ్ళాం, ఇంట్లో సగం నిజమే చెప్పి.

ఎప్పుడు వెళ్ళాలన్నది ముఖ్యం. ఐరోపాలో ద్రాక్ష కోత సెప్టెంబరు, అక్టోబరుల్లో. నాసిక్‌లో జనవరి నుంచి మార్చి దాకా. ఇక్కడి వేడికి తీగ చలికాలపు నిద్ర పోదు కనుక ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు: వేసవి మొదట్లో ఒకసారి కొమ్మల కోసం, వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకోసారి కాయల కోసం. కోతకాలంలో వెళితే గుత్తి నుంచి తొట్టె దాకా అంతా కళ్ళ ముందే జరుగుతుంది. జులైలో వెళితే పచ్చటి ఆకులు, వాన. సమావేశాల్లో ఏళ్ళుగా చదివిన విషయం ఒక్క గింజ కొరికితే అర్థమైంది. తొక్క నమిలితే వగరు, గుజ్జులో తీపి పులుపు, విత్తనం పటుక్కుమంటే చేదు. ఎర్ర వైన్‌ను తొక్కలతో పులియబెడతారని, తెల్లదాన్ని రసం పిండేసి పులియబెడతారని వంద పేజీలు చదివిన దానికంటే ఆ గింజ ఎక్కువ చెప్పింది.

రోజుకు రెండు తోటలు చాలు, మూడోది దండగ. 1990ల చివర మొదలైన సులా లాంటి పెద్ద చోటు ఒకటి చూడండి, అక్కడ రద్దీ, తిరనాళ్ళ సందడి. రెండోది చిన్నదై ఉండాలి, పీపాల గదిలో పనివారితో నిలబడి మాట్లాడగలిగేది. ‘ఈ ఏడు వానలు ఎప్పుడు ఆగాయి, కోత ఎన్ని రోజులు ముందుకు జరిగింది, తోటలో ఏ భాగం ఇబ్బంది పెట్టింది’ అని అడిగితే వాళ్ళ ముఖాలు వెలుగుతాయి. రైతు బిడ్డలకు ఈ ప్రశ్నలు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. నాసిక్ వ్యాలీ వైన్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది, మన ఆత్రేయపురం పూతరేకులకు 2023లో వచ్చినట్టే. మహారాష్ట్రలో వైన్‌కు కనీస వయసు 21, అక్కడి డ్రై డేలు (మద్యం అమ్మని రోజులు) ముందే చూసుకోండి.

రెండో ప్రయాణంగా బెంగళూరు దగ్గరి నంది కొండలు, హంపి కొండల వైపు తోటలు పెట్టుకోవచ్చు. హంపి దగ్గరి క్రిస్మా ఎస్టేట్‌ను నడుపుతున్నది హైదరాబాద్‌కు చెందిన తెలుగు దంపతులు.

అంత సారవంతమైన డెల్టాలో ద్రాక్ష ఎందుకు పండించరు?

సారం ఎక్కువ కనుకే. ఒండ్రు నేల, పైపైనే నీరు, గాలిలో తేమ. వరికి అమృతం, తీగకు ఆకులు, తెగుళ్ళు. బోర్దోలో కూడా నది పక్కనే ఉన్న ఒండ్రు భూముల్ని వైన్‌కు తక్కువరకంగా చూశారు, పేరున్న తోటలు నీరు జారిపోయే గులకరాళ్ళ దిబ్బల మీద ఉన్నాయి. నాసిక్‌కు సుమారు 600 మీటర్ల ఎత్తు, చల్లటి రాత్రులు ఉన్నాయి. మనకు రాత్రి కూడా చెమటే.

విదేశం వెళ్ళగలిగితే?

అందరూ ఫ్రాన్స్ అంటారు. నేను పోర్చుగల్ దోరు లోయ అంటాను, కారణం నదే. ద్రాక్ష పండేది ఎగువ కొండల్లో, పోర్ట్ వైన్ ముదిరేది నది సముద్రంలో కలిసే చోట ఉన్న విలా నోవ ద గాయాలో. పూర్వం రబెలో అనే బల్లపరుపు పడవల్లో పీపాలు దిగువకు వచ్చేవి. 1756లోనే ఆ ప్రాంతానికి హద్దులు గీశారు. పైన పండించేవారు, కింద నిలవ చేసి అమ్మేవారు, మధ్యలో నది: మన పాపికొండల మీదుగా దిగిన వెదురు తెప్పల్ని చూసినవారికి ఆ ఊరు కొత్తగా ఉండదు. నేను ఇంకా వెళ్ళలేదు, డబ్బు కూడబెడుతున్నాను.

ఇంట్లో తాగుబోతు అనుకుంటారేమో?

అనుకుంటారు. అందుకు వారిని తప్పుపట్టకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవారు సారాకు ఎదురుతిరిగింది ఊరికే కాదు, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చిందీ ఊరికే కాదు. మా అమ్మ మొదటి ఏడాది నాతో సరిగా మాట్లాడలేదు. చెంబులో ఉమ్మడం చూశాక ‘డబ్బు పెట్టి కొని ఉమ్ముతావేమిటిరా’ అని ఇంకో రకంగా కోపం తెచ్చుకుంది.

ఆరోగ్యానికి మంచిదని మాత్రం ఎవరికీ చెప్పకండి. ఎంత తక్కువైనా మద్యం క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. మన రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండనివారిని మేం చేర్చుకోం. ఇంట్లో తాగుడు సమస్య ఉన్నవారికి, గర్భిణులకు ఈ అభ్యాసం వద్దు. టీ, చింతపండు, డబ్బాల వాసనలు ఉండనే ఉన్నాయి.

ఈ నెల ఒక్క సీసాకే డబ్బుంది. ఏది కొనాలి?

నాసిక్ షెనిన్ బ్లాంక్, మరమూత (తిప్పి తీసే మూత) ఉన్నది, దుకాణంలో ఉన్నవాటిలో తాజా సంవత్సరానిది. మొదటి గ్లాసు ఫ్రిజ్‌లోంచి తీయగానే, రెండోది అరగంట బల్ల మీద ఉంచాక, మిగిలింది మూత బిగించి మరునాడు. మూడుసార్లూ ఏం మారిందో రాయండి. ఆ కాగితం పట్టుకుని వస్తే తర్వాతి సమావేశంలో మీకు కుర్చీ వేస్తాం.